బండివాడి పాట ఒపేరా ఎక్కిన దారి: రష్యన్ ఒపేరాలోనూ వాద్యబృంద రచనలోనూ జానపదం చేసిన పని

1836 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మిహాయిల్ గ్లింకా రచించిన ‘జార్ కోసం ప్రాణం’ ఒపేరా తొలిసారి రంగస్థలం ఎక్కింది. దాన్ని విన్న ప్రభువర్గీయులు కొందరు ‘ఇది బండివాళ్ల సంగీతం’ అని ఫ్రెంచిలో పెదవి విరిచారు. ఆ మాట గ్లింకా దాకా వచ్చింది. ఆయన దాన్ని తన జ్ఞాపకాల్లో దాచకుండా రాసుకుని, మంచి మాటే, నిజం కూడానని, తన లెక్కలో దొరల కంటే బండివాళ్లే పనిమంతులని పక్కన ఒక వ్యాఖ్య చేర్చారు. వెక్కిరించినవాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ వెక్కిరింత అక్షరాలా నిజం. కథానాయకుడైన రైతు ఇవాన్ సుసానిన్ నోట వచ్చే మొదటి వరస, లూగా ప్రాంతపు బండివాడొకడు పాడగా గ్లింకా విని గుర్తుపెట్టుకున్నది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జానపదం మీద కట్టిన తొలి రష్యన్ ఒపేరాగా పేరుపడిన ఈ రచనలో ఊరి పాటల నుంచి తెచ్చుకున్నవని గ్లింకా స్వయంగా చెప్పినవి రెండే. ఒకటి ఈ బండివాడి వరస. రెండోది, జార్‌ను పట్టుకోవడానికి వచ్చిన పోలిష్ సైనికులు సుసానిన్‌ను చుట్టుముట్టిన ఘట్టంలో తంత్రీవాద్యాల నడకలో కలిసిపోయి వినిపించే వోల్గా నది పాట. మిగిలినదంతా ఇటలీలోనూ బెర్లిన్‌లోనూ సంగీతం నేర్చుకుని వచ్చిన ఒక భూస్వామి సొంత రచనే. అయినా వినేవాళ్లకు అది పల్లె గాలిలాగే తోచింది, ఈనాటికీ తోస్తుంది. రెండు పాటలతో అంత పల్లెదనం ఎలా వచ్చింది? ‘రష్యన్ ఒపేరాలో జానపద ప్రభావం’ అన్న మాట వినగానే ఎక్కడి పాట ఎక్కడ వాడారో జాబితా రాయడం మొదలుపెడతాం. ఆ జాబితా అవసరమే కాని, అసలు సంగతి అందులో దొరకదు. అరువు తెచ్చుకున్న పాట కంటే, ఆ పాటకున్న అలవాట్లు స్వరకర్తల చేత చేయించిన పని పెద్దది.

జానపదం అనే ఒక్క మాటలో ఎన్ని పాటలు

రష్యన్ పల్లెపాట ఒక్క తీరుది కాదు. ‘ప్రొత్యాజ్నయా’ అంటే సాగదీసి పాడే పాట; ఒక్కో అక్షరం మీద గొంతు చాలాసేపు తిరుగుతుంది, తాళానికి లొంగదు, మాట మధ్యలో విరిగి మళ్లీ అందుకుంటుంది. ‘ప్ల్యాసవాయా’ చిందుపాట; రెండు మూడు దరువుల చిన్న వరస, అలిసిపోయే దాకా తిరిగి తిరిగి వస్తుంది. ‘హొరొవోద్’ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడేది. ‘బిలీనా’ వీరగాథ, ఒక్కడే కూర్చుని, దాదాపు మాట్లాడుతున్నట్టే, గంటల తరబడి చెప్పుకుపోయేది. ఇవి కాక పెళ్లికూతురి ఏడ్పులు, చావు ఏడ్పులు, క్రిస్మస్ రోజుల్లో ఇంటింటికీ తిరిగి పాడేవి, పడవలు లాగే కూలీల పాటలు ఉన్నాయి. మన గోదావరి పడవవాళ్ల ‘హైలెస్సా’ చేసే పనినే వోల్గా ఒడ్డున ‘ఎయ్ ఊహ్నెమ్’ చేసింది: అందరి బలాన్నీ ఒక్క క్షణంలో కూడగట్టడం.

ఒపేరాకు ఈ రకాల తేడా చాలా ముఖ్యం. ఒక పాత్రకు సాగదీసే పాట ఇస్తే ఆమె వ్యథ తెలుస్తుంది, చిందుపాట ఇస్తే ఊరు తెలుస్తుంది, బిలీనా ఇస్తే కాలం వెనక్కి జరుగుతుంది.

పుస్తకం మీదుగా వచ్చిన పల్లె

స్వరకర్తలు పల్లెకు వెళ్లి నేరుగా విని రాశారన్న ఊహ అందంగా ఉంటుంది కాని, చాలామందికి పల్లె అచ్చుపుస్తకం మీదుగానే చేరింది. 1790లో నికొలాయ్ ల్వోవ్ పాటలను సేకరించగా, చెక్ దేశీయుడైన ఇవాన్ ప్రాచ్ వాటికి కీబోర్డు సహకారం రాసి అచ్చువేసిన సంకలనం ఇందుకు మూలం. ఆ పాటలు నగరంలోని ధనిక గృహాల్లో పాడుకునేందుకు వీలుగా చదును చేసినవి. ఆ పుస్తకం ఎంత దూరం ప్రయాణించిందో ఒక్క పాట చెబుతుంది. ‘స్లావా’, అంటే ‘జయము’, అన్న ఆ వరస నిజానికి పండుగ రాత్రుల్లో అమ్మాయిలు పళ్లెంలో ఉంగరాలు వేసి, గుడ్డ కప్పి, ఒక్కొక్కటే తీస్తూ జాతకం చూసుకునేటప్పటి పాట. వియన్నాలో రష్యా రాయబారిగా ఉన్న రజుమోవ్‌స్కీ కోసం 1806లో బీథోవెన్ రాసిన తంత్రీ చతుష్టయాల్లో (నాలుగు తంత్రీవాద్యాల రచనల్లో) రెండోదానిలో అది కనిపిస్తుంది. 1874లో ప్రదర్శితమైన ముసోర్గ్‌స్కీ ఒపేరా ‘బోరిస్ గొదునొవ్’లో అదే వరసతో క్రెమ్లిన్ ముందు జనం కొత్త జార్‌కు జేజేలు పలుకుతారు. ఉంగరాల ఆట పాట పట్టాభిషేక గీతమైంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. అచ్చులోకి ఎక్కిన వరసకు దాని సందర్భం తోడు రాదు, అంతే.

తరువాతి తరం ఈ లోటును కొంత గుర్తించింది. స్వరకర్త మీలీ బలాకిరెవ్ 1860లో వోల్గా వెంట ప్రయాణించి పాటలు సేకరించి 1866లో 40 పాటల సంకలనం వెలువరించారు. ‘ఎయ్ ఊహ్నెమ్’ లోకానికి తెలిసింది అందులో నుంచే. రిమ్‌స్కీ-కోర్సకొవ్ 1870ల్లో 100 పాటలతో మరొకటి కూర్చారు. ఆయన శిష్యుడు స్త్రవిన్‌స్కీ 1910లో ‘అగ్నిపక్షి’ బాలే ముగింపునకు వరస వెతుక్కున్నదీ గురువుగారి ఆ పుస్తకంలోనే.

ఎత్తుకున్నవి, పోలికగా అల్లినవి

జానపదం కళాసంగీతంలోకి వచ్చే దారులను మూడుగా విడదీసి చూస్తే గందరగోళం చాలావరకు తగ్గుతుంది. మొదటిది ఉన్న వరసను ఉన్నట్టు ఎత్తుకోవడం. రెండోది ఏ పాటనూ ఎత్తుకోకుండా, ఆ పాటల నడక, మలుపు, ఆగే చోటు పట్టుకుని కొత్త వరస అల్లడం. మూడోది పాట కనిపించకపోయినా, పాట నిర్మాణసూత్రాన్ని రచన మొత్తానికి పునాదిగా తీసుకోవడం.

ఎత్తుకోవడానికి ‘స్లావా’ ఉదాహరణ. అదే ఒపేరా చివరన క్రోమీ అడవి దృశ్యంలో దేశదిమ్మరి సన్యాసులు పాడుతూ వచ్చే వరసను, ఒనేగా సరస్సు ప్రాంతపు పేరుపొందిన బిలీనా గాయకుడు త్రొఫీమ్ ర్యాబినిన్ దగ్గర ముసోర్గ్‌స్కీ తీసుకున్నారు.

రెండో దారికి కూడా ‘బోరిస్’ తొలి దృశ్యమే మంచి ఉదాహరణ. మఠం గోడ బయట జనం మోకాళ్ల మీద పడి, ‘మమ్మల్ని ఎవరికి వదిలి పోతున్నావు తండ్రీ’ అంటూ గద్దె ఎక్కమని బోరిస్‌ను వేడుకుంటారు. వరస అచ్చంగా ఊరి ఏడ్పుపాటలా ఉంటుంది, కాని అది ముసోర్గ్‌స్కీ సొంతం. ఆ ఏడుపును కర్ర పట్టుకున్న రాజభటుడు దగ్గరుండి ఏడిపిస్తున్నాడు. అతడు పక్కకు వెళ్లగానే, మనం ఎందుకు అరుస్తున్నాం అని ఒకరు అడిగితే, నాకేం తెలుసు అంటాడు రెండోవాడు. జానపద శైలిని ఇంత వ్యంగ్యంగా వాడిన ఒపేరా ఘట్టం నాకు మరొకటి తోచదు. పాట నిజమైనదిలా ఉండటమే ఇక్కడి ఆయుధం: బలవంతపు ఏడుపు కూడా అసలు ఏడుపులాగే వినిపించాలి.

ఈ రెండు దారుల మధ్య గీత ఎంత సన్ననిదంటే విమర్శకులే పొరబడ్డారు. రిమ్‌స్కీ-కోర్సకొవ్ ‘స్నెగూరొచ్కా’ (మంచుపిల్ల కథ, 1882)లో పశువుల కాపరి లేల్ పాడే మూడో పాట ఒక కచేరీలో వినిపించినప్పుడు, అది జానపద వరస మీద రాసినదని ఒక విమర్శకుడు పత్రికలో యథాలాపంగా రాశారు. స్వరకర్తకు కోపం వచ్చింది. ఆ జానపద గీతం ఏదో దయచేసి చూపించండని సంపాదకుడికి లేఖ రాశారు. ఎవరూ చూపించలేదని తన జ్ఞాపకాల్లో కొంత తృప్తిగానే చెప్పుకున్నారు. అదే ఒపేరాలో మాస్లెనిత్సా పండుగకు వీడ్కోలు పలికే బృందగానం వంటి చోట్ల నిజమైన పాటలు వాడారు కాబట్టి ఆ విమర్శకుడిని మరీ తప్పుపట్టలేం.

పెరగడానికి ఒప్పుకోని పాట

మూడో దారి వీటన్నిటి కంటే కష్టమైనది, వాద్యబృంద రచన మీద ఎక్కువ ముద్ర వేసినదీ అదే. దాన్ని అర్థం చేసుకోవాలంటే జర్మన్ సింఫనీ పద్ధతిని ఒక్కసారి తలచుకోవాలి. అక్కడ స్వరకర్త నాలుగు స్వరాల చిన్న ముక్కను తీసుకుంటాడు. విరుస్తాడు, మరో స్థాయికి ఎత్తుతాడు, మరొకదానితో తలపడనిస్తాడు, చివరకు గెలిపిస్తాడు. విత్తనం చెట్టు అయినట్టు. జానపద గీతం అలా లొంగదు. అది అప్పటికే పూర్తయిన వస్తువు. విరిస్తే పాట పోతుంది, విరవకపోతే మళ్లీ మొదటికి రావడం తప్ప చేయగలిగింది లేదు. జానపద గీతంతో వచ్చిన చిక్కల్లా, ఒకసారి వాయించాక దాన్ని మళ్లీ ఇంకాస్త గట్టిగా వాయించడమే మిగులుతుందని ఆంగ్ల స్వరకర్త కాన్‌స్టంట్ లాంబర్ట్ ఎకసెక్కెం చేశారు.

గ్లింకా 1848లో వార్సాలో ఉండగా రాసిన ‘కమారిన్‌స్కయా’ ఆ చిక్కునే పద్ధతిగా మార్చింది. అందులో రెండు పాటలున్నాయి. ఒకటి ‘ఎత్తయిన కొండల వెనుక నుంచి’ అన్న నెమ్మదైన పెళ్లిపాట. రెండోది రచనకు పేరిచ్చిన చిందుపాట. మూడు కొలతల్లో (తాళపు ఆవర్తాల్లో) ముగిసిపోయే బుల్లి వరస. పల్లెలో బలలైకా (మీటి వాయించే మూడు తీగల వాద్యం) వాయించేవాడు ఆ వరసను ఆపకుండా తిప్పుతూ ప్రతిసారీ చిన్న మార్పు చేస్తాడు. గ్లింకా కూడా దాన్ని 70 సార్లకు పైగా తిప్పారు. వరస దాదాపు మారదు. చుట్టూ ఉన్నదంతా మారుతుంది. ఒకసారి వయొలిన్లు ఒంటరిగా, మరోసారి కింద మరో గొంతు తోడుగా, ఇంకోసారి క్లారినెట్, తరువాత తీగలు మీటుతూ, ఆపైన కొమ్ములు ఒకే స్వరాన్ని మొండిగా పట్టుకుని. స్థిరమైన బొమ్మ వెనుక తెరలు మారుతూ ఉన్నట్టు ఉంటుంది. అందుకే ఈ పద్ధతిని ‘మారే నేపథ్యం’ అంటారు. మరో విశేషం: పెళ్లిపాటకూ చిందుపాటకూ ఉన్న పోలికను గ్లింకా అనుకోకుండా గమనించి, ఒకదాని స్వరాల్లోంచి మరొకటి మెల్లగా పుట్టేలా అల్లారు. అంటే జర్మన్ చదువు పూర్తిగా వృథా పోలేదు.

వాద్యాల రంగులకు రష్యన్ స్వరకర్తలు అంత ప్రాణం ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు దొరుకుతుంది. వరసను మార్చకూడదన్న నియమం ఉన్నప్పుడు మార్చడానికి మిగిలేది దాన్ని ఎవరు పలుకుతున్నారన్నదే. రిమ్‌స్కీ-కోర్సకొవ్ నైపుణ్యానికి ఇతర కారణాలూ ఉన్నాయి, లిస్ట్, బెర్లియోజ్‌ల ప్రభావమూ ఉంది. అయినా ఈ నియమపు ఒత్తిడిని పక్కన పెట్టి ఆ నైపుణ్యాన్ని వివరించడం కష్టం. రష్యన్ సింఫనీ అంతా ‘కమారిన్‌స్కయా’లోనే ఉంది, ఓక్ చెట్టంతా దాని గింజలో ఉన్నట్టు అని చైకోవ్‌స్కీ 1888లో తన దినచర్యలో రాసుకున్నారు.

ఈ పద్ధతితో పెద్ద రచన కట్టగలమా అన్న సందేహం గ్లింకాకే వచ్చింది. 1852లో ‘తరాస్ బుల్బా’ పేరిట కొసాక్ సింఫనీ మొదలుపెట్టి, జర్మన్ గాడి నుంచి బయటపడలేక వదిలేశారు. ఎనిమిది నిమిషాల రచనకు సరిపోయే ఉపాయం నలభై నిమిషాల దానికి చాలకపోవచ్చు. అయితే ఒపేరాకు ఆ బాధ లేదు. చరణం తరువాత చరణంగా సాగే పాటకు, ఒకే వరస వెనుక మారే వాద్యాలు చక్కగా అమరుతాయి; ‘రుస్లాన్, ల్యుద్మీలా’ (1842)లో పర్షియన్ కన్యల బృందగానం అచ్చంగా ఇలాంటిదే.

ఒకే బిర్చి చెట్టు, రెండు కొలతలు

జానపద గీతాన్ని ఎంతవరకు వంచవచ్చన్నదానిపై రష్యన్‌లలోనే రెండు మార్గాలున్నాయని చూపడానికి ‘పొలంలో ఒక బిర్చి చెట్టు నిలిచింది’ అన్న పాట చాలు. ఈ పాటను రెండేసి దెబ్బల కొలతలో లెక్కపెడితే మొదటి పాదం మూడు కొలతల్లో, అంటే ఆరు దెబ్బల్లో ముగుస్తుంది. వెంటనే రెండో పాదం అందుకోవాలి. నాలుగులు, ఎనిమిదులకు అలవాటుపడిన చెవికి అది తొందరపడి ముందుకు తూలినట్టు అనిపిస్తుంది. ఆ తూలడంలోనే దాని అందం ఉంది.

బలాకిరెవ్ 1858లో మూడు రష్యన్ పాటల మీద రాసిన ఓవర్చర్ అనే వాద్యబృంద రచనలో ఆ ఆరు దెబ్బలను అలాగే ఉంచారు. చైకోవ్‌స్కీ 1877లో నాలుగో సింఫనీ చివరి భాగంలో అదే పాటను తీసుకుని, ప్రతి పాదం తరువాత రెండు దెబ్బల ఖాళీ చేర్చారు. ఆరు ఎనిమిది అయింది. పాట నాలుగు దెబ్బల కొలతలో కుదురుగా కూర్చుంది. ఆ ఖాళీల్లో ఇతర వాద్యాలు దూరి జవాబు చెబుతాయి. జానపదవాదుల దృష్టిలో ఇది పాటను చదును చేయడం. చైకోవ్‌స్కీ వైపు నుంచి చూస్తే, ఆ సింఫనీలో ‘విధి’ని సూచించే వరస తాకిడి దాకా నడిపించాల్సిన వరసకు అంత బరువు మోసే చట్రం కావాలి. ఆరు దెబ్బల తూలుడు నడక దాన్ని మోయదు. ఇద్దరూ తమ అవసరానికి తగినట్టే చేశారు. నా చెవికి బలాకిరెవ్ చెట్టు గాలికి ఊగుతుంది, చైకోవ్‌స్కీ చెట్టు మెల్లగా అలంకారపు స్తంభమైపోతుంది. కాని రెండోదే ఎక్కువసేపు గుర్తుంటుంది.

ఐదు, పదకొండు

తాళం విషయంలో తెలుగు శ్రోతకు కొంత సౌలభ్యం ఉంది. ఖండగతి మనకు వింత కాదు. 1836 నాటి యూరప్ ఒపేరా వేదిక మీద ఐదు దెబ్బల కొలత మాత్రం అరుదు. ‘జార్ కోసం ప్రాణం’ మూడో అంకంలో పెళ్లికూతురి చెలికత్తెల బృందగానాన్ని గ్లింకా ఐదులో రాశారు. కారణం సంగీతంలో కాదు, పద్యంలో ఉంది: రష్యన్ పెళ్లిపాటల్లో పాదానికి ఐదు అక్షరాలు, మధ్యలోని మూడోదాని మీద ఊనిక. ‘రజ్-గు-ల్యా-ల-స్య, రజ్-లి-వా-ల-స్య’ అని పలికి చూస్తే ఐదు దానంతటదే వస్తుంది.

రిమ్‌స్కీ-కోర్సకొవ్ ఇంకా ముందుకు వెళ్లారు. ‘స్నెగూరొచ్కా’ ముగింపులో సూర్యదేవుడు యరీలోను స్తుతించే బృందగానం పదకొండు దెబ్బల్లో ఉంది. గాయకులకు ఆ లెక్క ఎంతకూ పట్టుబడకపోతే, ‘రిమ్‌స్కీ-కోర్సకొవ్‌కు పూర్తిగా మతిపోయింది’ అన్న అర్థమిచ్చే రష్యన్ వాక్యాన్ని పలుకుతూ సాధన చేసేవారని రంగస్థలంలో ఒక ముచ్చట చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, ఆ వాక్యంలో సరిగ్గా పదకొండు అక్షరాలున్నాయి.

కీరవాణి కాదు, నటభైరవి

స్వరమేళం, అంటే ఒకేసారి పలికే స్వరాల అమరిక, జానపదానికి పెద్ద అడ్డంకి. పాశ్చాత్య మైనర్ శ్రేణి ముగింపు దగ్గర షడ్జానికి అరస్వరం కింద ఉండే కాకలి నిషాదం కోరుతుంది. మన లెక్కలో స్వరాల వరకు అది కీరవాణి. రష్యన్ పల్లెపాట చాలాచోట్ల పూర్తి స్వరం కింద ఉండే కైశికి నిషాదంతోనే ఇంటికి చేరుతుంది, అది నటభైరవి. ప్రాచ్ వంటి తొలి సంకలనకర్తలు పాటకు కాకలి నిషాదం తగిలించి జర్మన్ వ్యాకరణంలో నిలబెట్టారు. బలాకిరెవ్ 1866 సంకలనంలో ఆ దిద్దుబాటును తీసేసి, పాటలోని స్వరాలతోనే సహకారం కూర్చారు. ఆ రుచి ఆయన చుట్టూ చేరిన బృందమంతటా పాకింది. 1867లో విమర్శకుడు వ్లదీమిర్ స్తాసొవ్ ‘మహాగుంపు’ అని పేరుపెట్టిన బలాకిరెవ్, కుయీ, ముసోర్గ్‌స్కీ, రిమ్‌స్కీ-కోర్సకొవ్, బొరొదిన్‌లే ఆ బృందం.

ఇక్కడ మరో మడత ఉంది. పల్లెలో ఈ పాటలు తరచుగా ఒక్క గొంతువి కావు. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అదే వరసను తమ తమ దారుల్లో కొంచెం పక్కకు జరిపి పాడతారు. కలుస్తారు, విడిపోతారు, పాదం చివర మళ్లీ ఒక్క స్వరం మీద చేరతారు. ఈ కొమ్మలను ‘పొద్గొలోస్కి’ అంటారు. వంత పాడటం కాదిది. వంతగాళ్లు అన్నదాన్నే అంటారు, వీళ్లు అననిది కూడా అంటారు. చెవితో విని రాసుకునేవారికి ఇది ఒకేసారి పట్టుబడదు. యూలీ మెల్గునొవ్ 1879లో రాసి చూపిస్తే రిమ్‌స్కీ-కోర్సకొవ్ అంతటివారు దాన్ని మొరటు సంకలనమని తోసిపుచ్చారు. 1897 నుంచి యెవ్‌గేనియా లిన్యోవా ఫొనోగ్రాఫ్ పట్టుకుని ఊళ్లు తిరిగి మైనపు గొట్టాల మీద పాటలు పట్టాకే వాదన తేలింది. అయినా వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడైన బొరొదిన్, ఆ యంత్రం రాకముందే ‘ఈగొర్ రాజు’ ఒపేరాలో ఊరివాళ్ల బృందగానాన్ని ఒక్క గొంతుతో మొదలుపెట్టి, కొమ్మలు కొమ్మలుగా విప్పారు. రచయిత మరణానంతరం పూర్తయి 1890లో ప్రదర్శితమైన ఆ ఒపేరాలో ‘పొలొవెత్స్ నృత్యాలు’ ఎక్కువ పేరు పొందాయి కాని, పల్లెను నిజంగా విన్న చెవి ఈ చిన్న బృందగానంలో కనిపిస్తుంది.

బలలైకా లేని బలలైకా

జానపద వాద్యాలు ఒపేరా వాద్యబృందంలోకి రావడం అరుదు. వాటి ధ్వనిని ఇతర వాద్యాలతో కల్పించడమే రివాజు. గ్లింకా తొలి ఒపేరాలోని పడవవాళ్ల బృందగానానికి తంత్రీవాద్యాలను కమానుతో కాక వేళ్లతో మీటించి బలలైకా గుంపును స్ఫురింపజేశారు. గాథకుడు ఒళ్లో పెట్టుకుని మీటే గూస్లీకి ‘రుస్లాన్’లో హార్ప్‌నూ పియానోనూ జత చేశారు, ఆ జత అరవై ఏళ్ల దాకా రష్యన్ ఒపేరాల్లో గూస్లీకి మారుపేరుగా నిలిచింది. మనం అనాదిగా ఉందనుకునే చిన్నా పెద్దా బలలైకాల బృందం నిజానికి వసీలీ ఆంద్రేయెవ్ 1880ల్లో రూపుదిద్దినది. అంటే గ్లింకా కల్పించిన బలలైకా ధ్వని అంతకంటే యాభై ఏళ్లు పెద్దది.

గంటల సంగతి వేరు. ‘బోరిస్’ పట్టాభిషేక దృశ్యం రెండు స్వరకూటాలతో మొదలవుతుంది. పాశ్చాత్య వ్యాకరణంలో రెండూ అసంపూర్ణ వాక్యాల వంటివి. ప్రతిదీ మరోదాని మీద వాలి ముగియాలి. ముసోర్గ్‌స్కీ వాటిని ఎక్కడా వాలనివ్వరు. సరిగ్గా అర్ధస్థాయి దూరంలో ఉన్న ఈ రెండింటికీ రెండు స్వరాలు ఉమ్మడి కావడంతో, పెద్ద గంట నాలుక ఇటూ అటూ ఊగినట్టు అవి ఊగుతూనే ఉంటాయి. చిందుపాట పెరగడానికి ఒప్పుకోనట్టే ఈ గంటలు ముందుకు కదలడానికి ఒప్పుకోవు. పాట ఎక్కడా లేదు. పాట అలవాటు మాత్రం ఉంది.

నేల మీది పాట, నీటి అడుగు పాట

1898లో మాస్కోలో మామొంతొవ్ ప్రైవేటు ఒపేరా ప్రదర్శించిన ‘సద్కో’లో (నొవ్‌గరొద్ నగరపు గూస్లీ వాద్యకారుడు సముద్రరాజు లోకానికి వెళ్లే కథ) రిమ్‌స్కీ-కోర్సకొవ్ జానపదానికి ఒక సరిహద్దు గీశారు. నొవ్‌గరొద్ మనుషులు పాటల స్వరాల్లో, బిలీనా ధోరణిలో మాట్లాడతారు. సముద్రరాజు లోకానికి స్వరం, అరస్వరం ఒకదాని తరువాత ఒకటిగా పేర్చిన కృత్రిమ శ్రేణి ఉంది; అది ఏ ఊళ్లోనూ ఎవరూ పాడనిది. జానపదం అంటే మానుషం, అద్భుతం అంటే కల్పితం. ఇదే విభజన ‘అగ్నిపక్షి’లో స్త్రవిన్‌స్కీకి దక్కింది.

ఈ ఒపేరాలోనే మనవాళ్ల చెవిన పడే ‘హిందూదేశపు అతిథి’ పాట ఉంది. ఆ అతిథి రాతిగుహల వజ్రాల గురించి, సముద్రపు ముత్యాల గురించి పాడతాడు కాని, అతడి వరసలో మన రాగం ఏదీ లేదు. జారుతూ దిగే అరస్వరాలు ‘తూర్పు’ అన్నదానికి పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడిన గుర్తు. తమ పల్లెల విషయంలో అంత పట్టింపు చూపిన బృందం, ఇతరుల విషయంలో ఒక్క కుంచెతో సరిపెట్టింది.

ఎవరి కోసం, ఎవరి తరఫున

ఇంతకూ ఇదంతా ప్రజల సంగీతమా? స్తాసొవ్ నుంచి సోవియట్ కాలపు సంగీత చరిత్రకారుల దాకా చాలామంది అవుననే అన్నారు: గ్లింకా తలుపు తీశాడు, ప్రజల గొంతు వేదిక ఎక్కింది. దీనికి బలం లేకపోలేదు. రైతును హాస్యపాత్రగా కాక విషాద నాయకుడిగా నిలబెట్టి, అతడి పాటకే ఆ గాంభీర్యం ఇచ్చిన ఒపేరా రష్యాలో అంతకు ముందు లేదు. అది కూడా రైతుల బానిసత్వం రద్దుకు 25 ఏళ్ల ముందు.

రిచర్డ్ తరుస్కిన్, మరీనా ఫ్రొలొవా-వాకర్ వంటి తరువాతి పరిశోధకులు ఈ కథను తిరగేశారు. ‘జార్ కోసం ప్రాణం’ సనాతన క్రైస్తవం, ఏకచ్ఛత్రాధిపత్యం, జాతీయత అన్న నాటి ప్రభుత్వ నినాదానికి చక్కగా అమరిన రచన అని, రష్యన్ లక్షణాలుగా చెప్పుకునేవాటిలో చాలా భాగం కొద్దిమంది స్వరకర్తలు ఎంపిక చేసి స్థిరపరిచినవేనని చూపారు. ఈ రెండు వాదాలూ ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టివేయవు. బలాకిరెవ్ నిషాదాన్ని సరిదిద్దడం నిజంగా విన్నదాని ఫలితమే. కాని విన్న అనేక లక్షణాల్లో దాన్నే పట్టుకుని మెల్గునొవ్ చూపించిన కొమ్మలను తోసేయడం ఎంపికే.

ఆ ఎంపిక రాజ్యం చేతిలోకి వెళితే ఏమవుతుందో 1948లో తేలింది. వనో మురదేలి తన ‘మహామైత్రి’ ఒపేరాలో కాకసస్ ప్రజల లెజ్గింకా నృత్యానికి అందరికీ తెలిసిన వరసను తీసుకోకుండా సొంతంగా రాశారు. పార్టీ నాయకుడు జ్దానొవ్ ఎత్తిచూపిన దోషాల్లో అదీ ఒకటి. అరవై ఏళ్ల క్రితం సొంత పాటను జానపదమన్నందుకు రిమ్‌స్కీ-కోర్సకొవ్‌కు కోపం వచ్చింది. ఇప్పుడు జానపదం కానందుకు మరో స్వరకర్త సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఏ పాట ఏ ఊరిది

2022లో ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి యుద్ధం మొదలుపెట్టిన తరువాత మరో ప్రశ్న కచేరీ కరపత్రాల దాకా వచ్చింది. ‘రష్యన్ జానపదం’గా పిలిచిన వాటిలో ఉక్రెయిన్ పాటలు చాలా ఉన్నాయి. రిమ్‌స్కీ-కోర్సకొవ్ ‘మే రాత్రి’ కథ, పాటలు అక్కడివే; ముసోర్గ్‌స్కీ అసంపూర్ణంగా వదిలిన ‘సొరొచింత్సీ సంత’ అక్కడిదే. చైకోవ్‌స్కీ రెండో సింఫనీని ఆయన మిత్రుడు కాష్కిన్, సామ్రాజ్యం ఉక్రెయిన్‌కు పెట్టిన పేరుతో ‘చిన్న రష్యా’ సింఫనీ అన్నారు. ఇప్పుడు పలు వాద్యబృందాలు దాన్ని ‘ఉక్రెయిన్ సింఫనీ’ అని అచ్చువేస్తున్నాయి. పేరు మార్చడం చరిత్రను చెరపడమని కొందరు, సరిదిద్దడమని మరికొందరు వాదిస్తున్నారు. పాటల పుట్టుక వరకు చూస్తే రెండో పేరుకే ఆధారం ఎక్కువ.

ఆ సింఫనీ చివరి భాగం ‘కొంగ’ అనే ఉక్రెయిన్ చిందుపాట మీద నడుస్తుంది, అదీ గ్లింకా పద్ధతిలోనే: బుల్లి వరస మారదు, వెనుక వాద్యాలు మారుతూ పోతాయి. 1872 వేసవిలో చైకోవ్‌స్కీ ఇప్పటి ఉక్రెయిన్‌లోని కామెన్‌కాలో చెల్లెలి అత్తవారింట ఉండి ఇది రాస్తుండగా, ఆ ఇంట్లో పనిచేసే ముసలి సేవకుడు ప్యోతర్ గెరాసిమొవిచ్ మాటిమాటికీ దగ్గరకు వచ్చి ఆ పాట పాడి వినిపించేవాడట. మరుసటి ఏడాది మాస్కోలో సింఫనీ బ్రహ్మాండంగా రక్తికట్టింది. ఆ చివరి భాగానికి దక్కిన మెప్పు తనది కాదని, దాని అసలు స్వరకర్త ప్యోతర్ గెరాసిమొవిచ్ అని చైకోవ్‌స్కీ ఉత్తరంలో రాశారు.